సగం టికెట్టు

ముందే చెప్పేస్తున్నాను, నేను రాసేదాంట్లో సగానికి సగం తగ్గించి చదువుకోండి. మా ఇంట్లో కూడా నా మాటలు అట్లాగే వింటారు.

గోదావరిఖనిలో ఒక పాత టాకీస్ గేటు దగ్గర టికెట్లు చింపేది మా బావ మల్లయ్య. గురువారం ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, రేపు మ్యాట్నీకి జనం రాకుంటె సేటు హాలు బంద్ పెడ్తడట. నువ్వన్న రా."

శుక్రవారం ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో జనరల్ టికెట్ కొని బండెక్కాను. పెట్టెలో మనిషికో ఫోను, ఫోనుకో పాట. అన్నీ కలిసి ఇంజను కూతను మింగేశాయి. కాజీపేట వచ్చిందని చాయ్ వాసనను బట్టి తెలుసుకున్నాను. పక్కన కూర్చున్న నర్సింగ్ చదివే పిల్ల అడిగింది.

"సినిమా కోసం గంత దూరమా కాక? నెల ఆగితె ఫోన్లనే వస్తది గద."

ఆమె చేతిలో గుప్పెడు పల్లీలు పెట్టాను.

పన్నెండున్నరకు రామగుండంలో దిగి, షేర్ ఆటోలో గోదావరిఖని చేరాను. చౌరస్తాలో తిన్న మిర్చి బజ్జీ నా ముంజేతంత ఉంది.

ఈ టాకీస్‌కు ఒక రివాజుండేది. డ్యూటీ టైమైందని బొగ్గుబాయి కార్మికుడు ఇంటర్వెల్‌కు లేచిపోతే, అతని చేతిలోని సగం టికెట్టు మీద బావ సంతకం పెట్టేవాడు. మర్నాడు ఆ ముక్క చూపించి మిగతా సినిమా చూడొచ్చు.

ఆ రోజు మూడు దాటినా బావ ఆట మొదలుపెట్టనివ్వలేదు. "ఫస్ట్ షిఫ్టు దిగనీ సేటూ, వస్తరు."

షిఫ్టు దిగింది. బండ్లన్నీ గేటు ముందునుంచే వెళ్లిపోయాయి. కొత్తగా డ్యూటీలో చేరినతను ఒక్కడు ఆగి, ఫోను బయటికి తీశాడు.

"మల్లన్నా, టికెట్టు చింపినట్టు చెయ్యి, రీల్ తీస్త."

బావ నవ్వుతూ చింపాడు. "లోపలికి రారాదు?"

"నిద్రొస్తుంది అన్నా. ఇది మాత్రం ఊరంత చూస్తది, సూడు."

ఇంతలో జనం విరగబడ్డారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఈలలకు కప్పు రేకులు లేచి గోదావరి అవతల పడ్డాయి. సేటు కళ్లు తుడుచుకుని ఇంకో ఏడాది నడుపుతానన్నాడు.

సాయంత్రం తిరుగుబండిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కసీటాయన ఫోనులో మా బావ నవ్వుతూ టికెట్టు చింపుతున్నాడు. పూర్తిగా చింపకముందే ఆయన వేలితో పైకి తోసేశాడు.

మిర్చిని కొంచెం పెంచాను. రేకుల సంగతి మీకే తెలుసు. హాలు నిండిందన్నది పూర్తిగా నా కల్పన. లోపల ఉన్నది నేనూ, ఫ్యాను కింద నిద్రపోయిన ఒక పెద్దాయనా. ఇంటర్వెల్‌కే సేటు తాళం తెచ్చాడు. బావ నా సగం టికెట్టు తీసుకుని, దాని మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు.

"మిగిలింది రేపు చూద్దువు తియ్యి."

అది కల్పన కాదు. జేబులోనే ఉంది.