మూడో ర

మనకు ఉన్నవి రెండు ర లు. ఒకటి మామూలు ర, రెండోది బండి ఱ. మా నాన్న బడిపంతులు కాబట్టి ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు ఏడో ఏటనే బెత్తం చూపించి నేర్పాడు. మూడో ర ఒకటి ఉంటుందని, అది నాలుక మీద కాక గొంతులో పుడుతుందని, దానికోసం నేను సముద్రం దాటాల్సి వస్తుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పెళ్ళి చేసుకుని కాకినాడ దగ్గరి పల్లె నుంచి మారిషస్ వచ్చేసరికి నాకు పదిహేడేళ్ళు. మా ఆయన ఇక్కడే పుట్టిన మనిషి. తాతల ఊరు చూసి పోదామని వచ్చి, పనిలో పనిగా నన్నూ చూసి, ఓడెక్కించుకుని తీసుకొచ్చారు. బ్రిజే వెర్దియేర్ అనే ఊళ్ళో ఆయనకు చిన్న చెరకు తోట ఉంది. పగలు తోట పని, సాయంత్రాలు భజన, ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడం, అదీ ఆయన జీవితం. ఇంట్లో మేమిద్దరం, మామగారు.

ఆయన తెలుగు విని మొదట్లో నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. పూజలో, పాటలో ఒక్క అక్షరం జారనిచ్చేవారు కాదు. అన్నం ముందు కూర్చుంటే మాత్రం సగం క్రియోల్, పావు భోజ్‌పురి, మిగిలింది తెలుగు. "డిలో తే, గొంతు ఎండిపోతోంది" అనేవారు. డిలో అంటే నీళ్ళని తెలియక నేను గుడ్లప్పగించి నిలబడేదాన్ని. నేను నవ్విన నవ్వులన్నిటికీ తరువాత ఆయన బాగా కసి తీర్చుకున్నారు.

క్రియోల్ నాకు ఆరు నెలల్లో పట్టుబడింది. పక్కింటివాళ్ళతో, కొట్టు ఆయనతో రోజూ పడే భాష అది. తప్పు మాట్లాడినా ఎవరూ పట్టించుకోరు. చిక్కంతా ఫ్రెంచితో వచ్చింది. మా వీధి చివర ఒక క్రియోల్ ముసలావిడ ఆడవాళ్ళ గౌన్లు కుట్టేది. నా చేతి కుట్టు చూసి పనిలో పెట్టుకుంది. ఆవిడ ఇంట్లో రెండు గదులు. వెనక గది వంటింటిని ఆనుకుని ఉండేది. అంచులు మడిచి కుట్టే మా బోటివాళ్ళం అక్కడ పొగలో కళ్ళు నులుముకుంటూ కూర్చునేవాళ్ళం. ముందు గదిలో పెద్ద కిటికీ, నిలువుటద్దం, చక్కటి వెలుతురు. దొరల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి కొలతలు ఇచ్చేది అక్కడే. ఆ గదిలో కూర్చోవాలంటే ఫ్రెంచి రావాలి. నేను ఆ కిటికీ పక్కన కూర్చుని తీరాలని పట్టుబట్టాను. నేను పట్టుబడితే ఇక వదలను. అది మంచి గుణమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ముసలావిడ నాకు పెట్టిన మొదటి మాట రిబ్బను. ఫ్రెంచిలో ర్యుబాఁ అంటారు. ఇంత చిన్న మాటలో అన్ని కష్టాలూ కూర్చోబెట్టారు. మొదట గొంతులో గరగరలాడే ర. తరువాత పెదవులు ఊదేటట్టు సున్నా చుట్టి, లోపల మాత్రం 'ఈ' అనాలి. చివర శబ్దాన్ని ముక్కులోకి పంపాలి. ఆ ముక్కు శబ్దం ఒక్కటే నాకు తేలికగా వచ్చింది. మా నాన్న పుస్తకాల్లో అడుగడుగునా అరసున్నలు ఉండేవి, ఎవరూ పలికేవారు కాదు. వాటికి ఇక్కడ ఉద్యోగం దొరికిందని అనుకున్నాను. మొదటి రెండూ మాత్రం నన్ను ఏడిపించాయి.

"పా కుమ్‌సా, మొ ఫీ, పా కుమ్‌సా!" అనేది ఆవిడ. అలా కాదు పిల్లా, అలా కాదు అని.

ఎలాగో తెలుసుకోవడానికి ఆవిడ నోటినే చూస్తూ కూర్చునేదాన్ని. అక్కడే దెబ్బ తిన్నాను. ఆవిడ పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. వాటిని పట్టుకునే మాట్లాడేది, తిట్టేది, పాడేది. ఫ్రెంచి భాష పలకాలంటే ఎడమ పక్క పెదవి బిగించి కుడి పక్కన కాస్త సందు ఉంచాలని నేను నమ్మి, అద్దం ముందు అలాగే సాధన చేశాను. మొదటిసారి ముందు గదిలోకి పిలిచినప్పుడు ఒక దొరసానికి నేను నేర్చినదంతా అప్పజెప్పాను. ఆవిడ ఎంతో జాలిగా, "ఈ అమ్మాయికి పంటి నొప్పా?" అని అడిగింది. ముసలావిడ నవ్విన నవ్వుకు సూదులన్నీ నేలరాలాయి. ఆ రోజు నాకు చచ్చేంత సిగ్గు వేసింది. ఆ తరువాత నాకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ సూదులు తీసి దిండుకు గుచ్చేది.

గొంతులో ర కోసం రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. పెరట్లో చెంబు పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ నేను చేసే చప్పుడుకు మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవారు.

"ఏమే, గొంతులో కప్ప దూరిందా?"

నేను పలికేదాన్ని కాదు. నోట్లో నీళ్ళు మరి.

"నీ లాంగ్ తిరగదే. మా అమ్మకే తిరగలేదు. లెస్ తొంబే!" అనేవారు. నాలుక తిరగదు, వదిలెయ్యమని. ఆ రోజు పప్పులో ఉప్పు వేసేదాన్ని కాదు. ఉప్పంతా పెరట్లో అయిపోయిందని చెప్పేదాన్ని.

ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం వెనక గదిలో అన్నం తింటూ మిరపకాయ కొరికాను. మంట తట్టుకోలేక గొంతు సవరించుకుంటూనే, ఎవరో అడిగితే, ఎర్ర దారం కావాలన్నాను. రూజ్ అన్నాను. ముందు గదిలో ముసలావిడ కత్తెర ఆగిపోయింది. "అఁకోర్" అంది. మళ్ళీ అనమని. మళ్ళీ అన్నాను. ఇంకోసారి అన్నాను. ర్యుబాఁ అన్నాను. ఆవిడ లేచి వచ్చి నా కంచం తీసుకెళ్ళి కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, మిరపకాయ వల్ల అని చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే, "ఏదీ, అను" అని కూడా అనలేదు. నవ్వి తాళాలు తీసుకుని భజనకు వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడు వానల తరువాత జ్వరాలు వచ్చాయి. మామగారు షెమాన్ గ్రెనియేలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. మా ఆయన బెల్ ఎయిర్‌లో రెండు రోజుల భజన ఉందని వెళ్ళారు. రెండో రోజు సాయంత్రం కూరల బండి తోలే పక్కింటి భోజ్‌పురి ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నన్ను భౌజీ అని, అంటే వదినా అని, మా ఆయనను మాస్టర్ అని పిలిచేవాడు. "భౌజీ, మాస్టర్‌కి బెల్ ఎయిర్‌లో గట్టి జ్వరం వచ్చిందట. మనిషి స్పృహలో లేడట. అక్కడివాళ్ళు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారట" అన్నాడు. అని ఆగాడు. నేను మొహం చూసి అడిగితే మిగతాది చెప్పాడు. బెల్ ఎయిర్ నుంచి ఒకే బండిలో నలుగురిని తీసుకుపోయారు. వారిలో ఇద్దరు పోయారు. ఎవరో తెలియదు.

తెల్లవారగానే అతని బండిలోనే వెళ్ళాను. దారంతా అతను "పా పేర్, భౌజీ, పా పేర్" అంటూనే ఉన్నాడు, భయపడొద్దని. నన్ను ఆసుపత్రి గేటు దగ్గర దింపి, కూరలు దించి వస్తానని బజారు వైపు వెళ్ళిపోయాడు.

గేటు లోపల ఒక కిటికీ, కిటికీ వెనక కళ్ళద్దాల గుమాస్తా, ఆయన ముందు పెద్ద పుస్తకం. నా ముందున్న వాళ్ళు క్రియోల్‌లో బతిమాలుతున్నారు, ఆయన విసుక్కుంటున్నాడు. నా వంతు వచ్చింది. దారిలో కూర్చుకున్నదంతా ఫ్రెంచిలో చెప్పాను. మొన్న బెల్ ఎయిర్ నుంచి జ్వరంతో మా ఆయనను ఇక్కడికి తెచ్చారు, ఆయన ఎలా ఉన్నారో దయచేసి చెప్పండి అని. ఒక్క ర కూడా నాలుక మీదికి రాలేదు. గుమాస్తా తలెత్తి చూశాడు. నన్ను మదామ్ అన్నాడు. గొంతు మెత్తబరిచి, "పేరు?" అన్నాడు.

మా ఆయన పేరు నేను పలకకూడదు.

పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన రోజు గడప దగ్గర ఆపి ఆయన పేరు ఒకసారి చెప్పించారు. అంతే. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది, మా అమ్మమ్మ చెప్పింది. మామూలు రోజుల్లో నేను దాన్ని పెద్దగా నమ్మానో లేదో చెప్పలేను. ఆ రోజు మాత్రం పూర్తిగా నమ్మాను. లోపల ఆయన బతికి ఉంటే, ఆ ప్రాణం ఏ కాస్తో మిగిలి ఉంటుంది. ఆ కాస్తా నా నోటితో తీసేస్తానా? చెప్పకపోతే ఉన్నారో లేరో తెలియదు.

"పొడుగ్గా ఉంటారు. భజనలు పాడతారు. ఎడమ చెవి మీద పుట్టుమచ్చ" అన్నాను.

"పుట్టుమచ్చలు ఈ పుస్తకంలో రాయము, మదామ్. పేరు."

"మీరు పేర్లు చదవండి. నేను తల ఊపుతాను."

"పోయినవాళ్ళ పేర్లు కూడా ఇందులోనే ఉన్నాయి. దారిన పోయేవాళ్ళందరికీ వినిపించేటట్టు చదవకూడదు" అన్నాడు. "ఇంత చక్కగా మాట్లాడారు. ఒక్క పేరు చెప్పడానికి ఏం కష్టం?"

ఊళ్ళో అయితే పక్కనున్న వాళ్ళు అందించేవారు. అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్ళు లేరు. నా వెనక ఉన్న భోజ్‌పురి ఆడవాళ్ళకు నా అవస్థ అర్థమైంది. వాళ్ళకూ అదే ఆచారం కదా. అయ్యో అని నిట్టూర్చారు, అంతకంటే ఏం చేస్తారు? నేను పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను.

అప్పుడే లోపలి నుంచి ఒక క్రియోల్ బంట్రోతు వచ్చి ఒక పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి చిరాగ్గా అరిచి, ఒక ముసలమ్మ భుజం తట్టాడు. ఆమె ఉలిక్కిపడింది. పిలిచింది ఆమె కొడుకు పేరేనట. ఆ పేరు ఆమె పెట్టిందే. ఇరవై ఏళ్ళు ఆమె పిలిచిందే. ఆ నోట్లో పడి వచ్చేసరికి అది ఆమెకే పరాయిదైంది.

నేను గోడ దగ్గరే నిలబడి ఆలోచించాను. కన్నతల్లే పోల్చుకోలేని పేరును యముడు మాత్రం ఏం పోల్చుకుంటాడు? యముడి పుస్తకంలో ఉన్నది మా అత్తగారు బారసాలనాడు పెట్టిన పేరు. ఈ గుమాస్తా పుస్తకంలో ఉన్నది ఫ్రెంచి నోట్లో పడి మారిన ఇంకో పేరు. ఇది మోసం అని ఎవరైనా అంటే అననీ. నాకు ఆ పూట అంతకంటే మంచి దారి దొరకలేదు.

మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన పేరులో రెండు ర లు ఉన్నాయి. రెండింటినీ గొంతులోకి దించాను. మధ్యలో ఉన్న సున్నాను ముక్కులోకి పంపాను. చివరి అక్షరాన్ని ఫ్రెంచివాళ్ళలా మింగేశాను. ఉప్పునీళ్ళ నాటి నుంచి నేర్చిన విద్యంతా ఆ ఒక్క మాటలో పెట్టాను. మన ర ఒక్కటి పొరపాటున దొర్లినా కొంప మునిగినట్టే. దొర్లలేదు.

గుమాస్తా మళ్ళీ చెప్పమనలేదు. పుస్తకంలో వేలు పెట్టి కిందికి జరిపాడు. పేజీ అయిపోయింది. తిప్పాడు. వేలు ఆగింది.

"ఇల్ వీ, మదామ్" అన్నాడు. బతికే ఉన్నారని. "పదకొండో మంచం."

అక్కడే చతికిలబడ్డాను. వెనక ఉన్న ఆడవాళ్ళు పట్టుకుని లేపారు. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

పదకొండో మంచం మీద మా ఆయన గడ్డం మాసి, సగమై పడుకుని ఉన్నారు. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశారు. అడిగిన మొదటి మాట, "నాన్న వచ్చారా?" అని. రాలేదన్నాను.

"మరి ఎవరు అడిగారు? ఎవరు లోపలికి పంపారు?"

"నేనే అడిగాను."

"పేరు చెప్పనిదే పంపరే వీళ్ళు."

నేను నేల చూశాను. ఆయనకు అర్థమైంది. ఆ నీరసంలోనూ పెదవి చివర నవ్వు కదిలింది. "నా ఆయుష్షు కాస్త తగ్గించావన్నమాట."

"మీ పేరు నేనెందుకు చెబుతాను? వాళ్ళ పుస్తకంలో ఉన్నది చెప్పాను."

"ఏదీ, అను."

ఏడాదిన్నరగా ఎదురుచూసిన మాట అది. వంగి చెవిలో అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నవ్వలేదు. కప్ప అనలేదు.

"ఇంకోసారి" అన్నారు.

"అనను. ఒక్కసారికే నా ప్రాణం పోయి వచ్చింది" అన్నాను.

ఆయన చెయ్యి చాపారు. అందుకోవడానికి నాకు భయం వేసింది. ఆ పేరు ఏమైనా చేసిందేమోనన్న అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. వేళ్ళు పట్టుకుని, అరచేయి పట్టుకుని, మణికట్టు దాకా తడిమి చూశాను. చెమట పట్టి చల్లగా ఉంది. జ్వరం దిగిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలని గంట కొట్టినా ఆ చెయ్యి వదల్లేదు.