పార్కులో నేను వేసిన కేక

అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళో మా అమ్మాయి ఇంటి దగ్గర పార్కులో రోజూ ఒక జపాన్ పెద్దావిడ నడుస్తుంటుంది. మొన్న ఆవిడ మెడలోని స్కార్ఫ్ జారి పడిపోయింది. నేను తీసి, "ఓయ్! ఓయ్!" అని గట్టిగా కేకేశాను. ఆవిడ వెనక్కి తిరిగింది. మొహం మాడ్చుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెబితే, స్కూల్లో జపనీస్ నేర్చుకుంటున్న మా మనవరాలు నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అమ్మమ్మా! వాళ్ళ లాంగ్వేజ్‌లో కూడా ఓయ్ ఉంది. నిన్నెవరో రోడ్డు మీద ఒసేయ్ అన్నట్టు! సుమిమాసెన్ అనాలి. పిలవడానికీ అదే, సారీకీ అదే."

నాకు ప్రాణం చచ్చిపోయింది. మర్నాడు ఆ మాట వల్లించుకుంటూ పార్కులో నిలబడ్డాను. ఆవిడ నా చేతిలో స్కార్ఫ్ చూసింది. నేను నోరు తెరిచేలోపే నడుం వంచి, "సుమిమాసెన్" అని ఆవిడే అంది.

మాట పడిందీ ఆవిడే, క్షమించమన్నదీ ఆవిడే. నేను మాత్రం సిగ్గుతో బిగుసుకుపోయి, స్కార్ఫ్ చేతిలో పెట్టి వచ్చేశాను.