మూడో లాంపు కూడా మసకే

మా తమ్ముడికి టీవీలు తప్ప లోకం తెలియదు. అందులోనూ ఒక్క రకం టీవీలే. వెనకాల బీరువా అంత పెట్టె, అందులో ఒక లాంపు, ఒక అద్దం. లాంపు వెలుగు అద్దం మీద పడి, అక్కణ్ణించి తెర మీదికి బొమ్మగా వస్తుంది. ఇప్పుడవి కొనేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు మాత్రం పారేయలేక, లాంపు పోయినప్పుడల్లా వీడికి ఫోన్ చేస్తారు. అందరూ వాణ్ణి 'గ్లౌజులాయన' అంటారు. ఆ లాంపు గాజుకి ఒట్టి చెయ్యి తగిలితే, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగిలిపోతుంది. అందుకని తెల్లటి నూలు గ్లౌజులు తొడుక్కోనిదే డబ్బా మూత కూడా తియ్యడు. "ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా అక్కా?" అని నవ్వేవాడు.

ఆ లాంపులు అమ్మే కొట్టు నాది. మా ఆయన పెట్టినది, ఆయన పోయాక నేనే కూర్చుంటున్నాను. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు, కొట్టు వెనక గదిలోనే ఉంటాడు. చదువు అబ్బలేదు, బేరాలు చేతకాదు, వాడికున్న ఆస్తల్లా కళ్ళే. దూరం నుంచి తెర చూసి, "ఈ లాంపు ముసలిదైపోయింది, ఎక్కువ రోజులు రాదు" అనేవాడు. అన్నట్టే ఆరిపోయేది. ఆ కళ్ళ మీదే వాడి అన్నం.

టీచరమ్మ ఇంట్లో లాంపు పోయింది. ఆవిడ ఎప్పుడో రిటైరైంది, ఒక్కతే ఉంటుంది, సాయంత్రమైతే ఆ టీవీయే ఆవిడకి తోడు. వీడు కొత్త లాంపు వేశాడు, బొమ్మ వచ్చింది, ఆవిడ సంబరపడింది. మర్నాడు వీడు ఆ లాంపు ఊడదీసుకుని తెచ్చి నా ముందు పెట్టాడు.

"అక్కా, ఇది నాసిరకం. మసకగా వస్తోంది."

"ఆవిడ అందా?"

"ఆవిడకేం తెలుసు? నేనంటున్నా."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? చూసే ఆవిడకి లేని బాధ నీకేంటి?"

వినడే! ఇంకోటి పట్టుకెళ్ళాడు. అదీ వెనక్కి వచ్చింది. లాంపులు పంపే ఆయనకి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాడు. పాత బల్బులకి పాలిష్ పెట్టి పంపుతున్నావన్నాడు, దొంగ అన్నాడు. నోట్లో నాలుక లేనివాడు నా తమ్ముడు, అంత మాట ఎవర్నీ అని ఎరుగడు. ఆ రోజే కొట్టు మెట్టు దగ్గర తూలి, వైరు చుట్టల మీద పడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని నేను అరిస్తే, "నీ కొట్లో లైటు వెలగదు, పైగా నన్నంటావా" అని నా మీదే ఎగిరాడు.

నాకు ముక్కు మీద కోపం. వీడి సంగతి తేలుద్దామని, వాడు తిప్పి తెచ్చిన మొదటి లాంపునే తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి, "ఇదిగో, మేలురకం" అని చేతికిచ్చాను. వెళ్ళి వేసి వచ్చాడు. వస్తూనే మొహం మాడ్చుకుని, "ఇది మరీ మసక" అన్నాడు.

"దొరికావురా! అది నువ్వు తెచ్చి పారేసిన మొదటిదే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస!"

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గ్లౌజులు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అయితే లాంపు కాదు. టీవీలోనే ఏదో ఉంది. రా అక్కా, నువ్వూ చూద్దువుగాని. అది కూడా పట్టుకోలేకపోతే నేనీ పని చెయ్యకూడదు."

ఈ పని లేకపోతే వాడేమైపోతాడు? కొట్టుకి తాళం వేసి వెంట వెళ్ళాను.

టీచరమ్మ గదిలో వాడు టీవీ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. గ్లౌజులు మళ్ళీ తొడుక్కుని, లాంపు చల్లారిందాకా ఆగి ఊడదీశాడు. మూత మూస్తే నొక్కుకునే చిన్న మీట సరిగ్గానే ఉంది. లేకపోతే లాంపు వెలగనే వెలగదు. లాంపుని చల్లబరిచే లోపలి ఫ్యాను తిరుగుతోంది. కరెంటు సరిగ్గా అందుతోంది. అద్దం మెత్తని గుడ్డతో తుడిచాడు, దుమ్మే లేదు. అన్నీ వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. అది చూసి కూడా, పనివాడి చేతులు అలాగే ఉంటాయిలే అనుకున్నాను. మళ్ళీ అన్నీ బిగించి, టీవీ వేసి, ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఏదో ఆట వస్తోంది. పచ్చిక ఒక్కో పరకా కనిపించేటంత వెలుగు. నాకే కళ్ళు చికిలించాల్సి వచ్చింది.

"చూడక్కా, మసకగా లేదూ?"

వాడి వెనక నుంచి టీచరమ్మ నాకేసి చేతులు తిప్పుతోంది. బాగుందని చెబితే వినడమ్మా, నేనేం చెయ్యను, అన్నట్టు.

మసకే అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఒట్టు, వచ్చింది. కానీ అంటే, వీడు నాలుగో లాంపు తెస్తాడు, ఐదోది తెస్తాడు.

"బాగుందిరా."

"ఎంత బాగుంది?"

"కొత్త టీవీలా ఉంది నాన్నా."

వాడు తెర మీంచి మొహం తిప్పి గదంతా చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"అక్కా, ఇక్కడ కిటికీ తీసుందా?"

మిట్టమధ్యాహ్నం. కిటికీ బార్లా తీసి ఉంది. ఎండ వాడి భుజం మీదే పడుతోంది.

"తీసే ఉంది" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. టీచరమ్మ టీవీ ఆపేసి, కుర్చీ తెచ్చి, వాణ్ణి కూర్చోబెట్టింది.

కళ్ళ డాక్టరు వాడి కంట్లోకి లైటు వేసి చూసి, కంటి వెనక నరం ఎండిపోతోందన్నాడు. నొప్పి తెలియకుండా, చూపు అంచుల నుంచి పోవడం మొదలై లోపలికి వస్తుందట. రోజూ చుక్కలు వేస్తే మిగిలింది కొన్నాళ్ళు నిలుస్తుంది, పోయింది మాత్రం రాదన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా?" అని గద్దించాడు.

"లాంపులు మారుస్తున్నానండీ" అన్నాడు మా వాడు.

ఇంటికి రాగానే పడుకుంటాడనుకున్నాను. బల్ల పట్టుకుని, నా పక్కన స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ లాంపులు పంపే ఆయనకి ఫోన్ కలుపు. పాపం, నానా మాటలూ అన్నాను."

"ఇప్పుడా? రేపు చేద్దువుగానిలేరా."

"కలుపక్కా."

కలిపాను. అటునుంచి ఆయన గొంతు గట్టిగా వినిపిస్తోంది. మళ్ళీ తిడతాడని కాబోలు, ముందే విరుచుకుపడ్డాడు. మా వాడు అంతా విని, "మీ లాంపులు మంచివేనండీ, తప్పు నాది" అన్నాడు. ఆయన మెత్తబడి, మరి లోపం ఎక్కడో దొరికిందా అని అడిగాడు.

"దొరికిందండీ" అన్నాడు మా తమ్ముడు. "ఇక నా దగ్గర్నుంచి మీకు లాంపులు వెనక్కి రావు."