మామిడి పొగ, మా క్యాంపు అలారం

మొన్న శనివారం పొద్దుగాల మా క్యాంపుల నూటయాభై మంది లుంగీల మీద ఎండల నిలబడ్డరు గదా, ఎవని వల్లనో మీకు ఎరుకేనా? నా వల్ల. ఆ నవ్వుడు జర ఆపుండ్రి, చాయ్ మీద పోసుకుంటరు. నాకింకా కోపం దిగలే. ఎవని మీద కోపం అంటే శాన మంది ఉన్నరు. అందరికన్న ముందు నా మీద నాకే మండుతున్నది గని, మిగిలినోళ్లను తిట్టినంక నా దగ్గరికి అస్త.

మొదలు మా ఇంటామె. పోయినసారి ఈ గల్ఫ్ నుంచి ఛుట్టీ మీద ఇంటికి పోయినప్పుడు మా బిడ్డ శ్రీజకు ఏడాది నిండింది. సంచులు గిట్ట పక్కకు పెట్టి సీదా పోయి ఎత్తుకున్న. పిల్ల నా మొఖం దగ్గర ముక్కు పెట్టింది, రెండు చేతులతోని నా మూతిని అవుతలికి నూకింది. నెలన్నర ఉన్న. పాలాయన దగ్గరికి పోతది, పక్కింటి ముసలామె దగ్గరికి పోతది, నా దగ్గరికి మాత్రం రాలే. సిగరెట్ కంపు మరి. అప్పటి సంది రెండేండ్లాయె. ఈసారి మా ఇంటామె ఫోన్ల సాఫ్‌గ చెప్పింది.

"నువ్వు మళ్ల ఆ కంపుతోని అచ్చినవనుకో, పిల్లను నీ దగ్గరికి పొమ్మని నేనైతే చెప్ప. ఇగ నీ ఇష్టం."

ఇడుస్త అని మాటిచ్చిన. ఇచ్చుడు అల్కనే.

ఛుట్టీ కాగితం ముదీర్ టేబుల్ మీద పడి ఉన్నది. ముదీర్ అంటే మా మేనేజర్, ఈజిప్ట్ ఆయన. శనివారం ఫైర్ ఇన్‌స్పెక్షన్ ఉన్నది, అది పాసైతే సంతకం పెడ్త, ఫెయిలైతే రంజాన్ దాకా ఎవ్వడు ఎటు పోయేది లేదన్నడు. క్యాంపుల మెయింటెనెన్స్ నాది. ఏసీలు, నల్లాలు, కరెంటు, ఫైర్ అలారం అన్ని నా నెత్తి మీదనే. అంటే నా ఛుట్టీ నా చేతులనే ఉన్నదన్నట్టు. ఎంత మంచి మాట.

ఇప్పుడు మన క్యాంపుల సంగతి మీకు చెప్పేదేముంది. సీలింగ్‌కు ఉండే పొగ డిటెక్టర్ అంటే అందరికి పగనే. అగర్‌బత్తి ముట్టిస్తే మొత్తుకుంటది, పోపు పెడితే మొత్తుకుంటది. అందుకని సైట్ల ఇచ్చే రబ్బర్ గ్లోవ్ ఒకటి దానికి తొడిగి, సుట్టు టేప్ ఏస్తరు. ఏ రూముల పండుకొని మీదికి చూసినా అయిదు రబ్బర్ వేళ్లు కిందికి ఏలాడుకుంట కనవడ్తయి. ఆ గ్లోవులన్ని పీకే పని గురువారం నాకు పడ్డది. డెబ్బై రూములు. నన్ను తిట్టని రూము లేదు. ముందు నీ రూముల పీకి మా దగ్గరికి రా అన్నరు.

నాకు రోషమచ్చింది. అన్నోళ్లందరిని ఎంటవెట్టుకొని మా రూముకు తీస్కపోయిన. వాళ్ల ముంగటనే గ్లోవ్ పీకిన, డిటెక్టర్ ఇప్పిన, బ్రష్‌తోని తుడిచిన, బ్లోయర్ కొట్టిన, కొత్తదాని లెక్క చేసి మళ్ల బిగించిన. కార్డు మీద తారీఖు ఏసి సంతకం గూడ పెట్టిన. ఈ ముచ్చట జర యాదికి పెట్టుకోండ్రి. నేనైతే పెట్టుకోలే.

రెండోవాడు లింగం. నా మంచం కింది మంచం వానిది. సిరిసిల్ల మనిషి, సైట్ల స్కాఫోల్డింగ్ కడ్తడు, నోరు మాత్రం డాక్టర్ది. శుక్రవారం బతా బజారుకు పోయినం. సిగరెట్ ఇడ్సుడు ఎంత పని అన్నా, పాడ్ అని కరెంటు సిగరెట్ ఉంటది, అది కొనుక్కో, చిన్నగుంటది, జేబుల పడ్తది, అయిపోయినప్పుడల్ల రసం నింపుకోవచ్చు, కంపు రాదు అన్నడు. దుకాణాయన అద్దం కింది నుంచి తీసి చేతుల పెట్టిండు. నా బొటనవేలు కన్న జర పెద్దగుంటదంతే. పుదీన కావాల్నా, ద్రాక్ష కావాల్నా, మామిడి కావాల్నా అని అడిగిండు. లింగమే మామిడి అని చెప్పిండు.

"మామిడిపండు వాసనతోని పోయినవనుకో అన్నా, పిల్ల ఉరికచ్చి సంకెక్కుతది."

ఆ మాటకు నేను పడిపోయిన. అక్కడనే జేబులున్న సిగరెట్ డబ్బా తీసి చెత్తల ఏసిన. అండ్ల ఇంక పదకొండు సిగరెట్లున్నయి. లింగం శెభాష్ అన్నడు. వాడు తాగడు, వానికేమి పోయింది.

ఇగ శనివారం. పదకొండు గంటలకు ఇన్‌స్పెక్షనోళ్లు అస్తరని చెప్పిండ్రు. తొమ్మిదిన్నర కల్ల నా పని అంత అయిపోయింది. ప్యానల్ చూసిన, మెట్ల మీది సామాన్లు తీపిచ్చిన, మంటలార్పే సిలిండర్లు తుడిపిచ్చిన. పని ఉన్నంత సేపు ఏం తెల్వలే. ఖాళీగ కూసున్ననో లేదో నెత్తి పగులుడు షురూ అయింది. రాత్రి సంది ఒక్క సిగరెట్ లేదు. ఎవడు మాట్లాడినా కొట్టబుద్ధయితున్నది. ఛుట్టీ కాగితం కండ్ల ముందట తిరుగుతున్నది. జర ఒక్క దమ్ము గుంజి కిందికి పోత అని మా రూముకు పోయి, నా మంచమెక్కి కూసున్న. నాది మీది మంచం.

డబ్బాల ఒక కాగితమున్నది. అక్షరాలు చీమల తలకాయలంత. పది భాషలల్ల రాసిండ్రు, మనది లేదు. పక్కకు పడేసిన. రెండు టన్నుల ఏసీ ఇప్పి బిగించెటోన్ని, బొటనవేలంత డబ్బా నాకో లెక్కనా అనుకున్న. పక్కకు చిన్న రబ్బర్ మూత ఉన్నది. అది తీసి, సీసా మూతి పెట్టి, నిండేదాక ఒత్తిన. మన అలవాటే గది, నీళ్ల డ్రమ్ము అయినా రసం అయినా అంచు దాక నింపాలె. మూత గట్టిగ ఒత్తంగనే రసం మీదికి తన్నుకచ్చి అంగీ మీద పడ్డది. తుడ్సుకొని నోట్ల పెట్టుకొని గుంజిన. పొగ రాలే, రసమే అచ్చింది. మామిడిపండు రుచి దేవుడెరుగు, నాలుక మీద మిరపకాయ నూరినట్టయింది.

కింద కూసున్న లింగం పడి పడి నవ్విండు. నవ్వినంక ఆ కాగితం తీసి చదివిండు. నింపినంక పది నిమిషాలు ఆగాలెనట, లోపట రసాన్ని కాగవెట్టే కాయిల్ సుట్టు దూది నానాలెనట. రసమంత నా అంగీకే అయిందాయె, దూదికి ఏడ మిగిలింది. అయినా నిన్నటి సంది ఆగే ఉన్న, ఇంక పది నిమిషాలేందిరా అని మళ్ల గుంజిన. గొంతుల మాడిన గుడ్డ పెట్టినట్టయింది. కాయిల్ కాలిపోయింది అన్నా అన్నడు లింగం, బొమ్మ చూసి. కోపం నషాళానికెక్కింది. కిటికిలకెల్లి ఇసిరి కొడ్దామనుకున్న. కిటికీకి ఏసీ ఉన్నది. నేను బిగించిందే.

డబ్బాల ఇంకో కాయిల్ ఉంటే అది ఏసిన. మళ్ల నింపిన, ఈసారి అంచుకు జర తక్కువ. గడియారం పట్టుకొని పది నిమిషాలు కూసున్న. నా పెండ్లిచూపులల్ల గూడ అంత కుదురుగ కూసోలే. అయిపోయినంక గుంజిన. ఏం రాలే. చూస్తే అడుగున గాలి అచ్చే సందుకు చిన్న పలక ఉన్నది, అది మూసున్నది. ఏసీ పని చేసేటోనికి గాలి సంగతి చెప్పాల్నా. పలకను మొత్తం తెరిచిన.

"చిన్నగ గుంజు అన్నా, గది బీడీ కాదు," అన్నడు లింగం.

వాడు చెప్పిండు గన్కనే గట్టిగ గుంజిన. ఒక్కసారి కాదు, మూడుసార్లు, పక్కబొక్కలు నొచ్చేదాక. ఇప్పుడు ఇడ్వాలె. కిందికి ఇడుస్తే లింగం మొఖం మీదికి పోతది. ఎంత తిక్క మీదున్నా మనిషి మొఖం మీద పొగ ఊదుడు మర్యాద కాదు గదా. తల మీదికెత్తి ఇడ్సిన.

అంత పొగ నా నోట్లకెల్లి అచ్చిందంటే నేనే నమ్మలే. తెల్లగ, మెల్లగ మీదికి పోయింది. మీద జానెడు దూరంల డిటెక్టర్. గ్లోవ్ లేదు. నిగనిగ మెరుస్తున్నది. దానికి ఎర్ర లైటు ఎలిగింది. నేను దాన్ని చూసిన, అది నన్ను చూసింది. అప్పుడు యాదికచ్చింది.

ఆ సైరన్ ఎట్ల మొత్తుకున్నదో చెప్పరాదు. నైట్ డ్యూటీ చేసి పండుకున్నోళ్లు లుంగీలు పట్టుకొని ఉరికిండ్రు. ఒకాయన నెత్తి నిండ సబ్బు నురగతోని దిగిండు. మెస్సుల వంటాయన గంటెతోని దిగిండు. నేను అందర్ని నూక్కుంట కింద గేటు పక్క రూముల ఉన్న ప్యానల్ దగ్గరికి ఉరికిన. దాని తాళం చెవి నా దగ్గరనే ఉంటది. ముదీర్ రాకముందే బందు పెడితే అయిపోతది, ఎవలకు తెల్వది అనుకున్న.

గేటు కాడ ముదీర్ నిలవడి ఉన్నడు. ఆయన పక్కకు ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్. పదకొండుకు అస్త అన్న మనిషి పదింబావుకే అచ్చిండు. చేతి గడియారం చూసుకుంట నిలవడ్డడు. నా ఛుట్టీ ఆడనే సచ్చింది అనుకున్న. బిడ్డ రెండు చేతులతోని నా మూతి నూకిందే కండ్ల ముందట కనవడ్డది.

అందరు బయటికి అచ్చినంక ఆఫీసర్ తల ఊపిండు. నాలుగు నిమిషాలల్ల అందరు బయటపడ్డరు అన్నడు. మియా మియా అన్నడు, అంటే నూటికి నూరు. మీరు నేను అచ్చే టైముకు డ్రిల్ పెట్టిండ్రు, శాన మంచి పని అని ముదీర్ భుజం తట్టిండు. ముదీర్ నా దిక్కు చూసిండు. నా అంగీ మీద రసం మరక చూసిండు. గాలిల ముక్కు పెట్టి వాసన చూసిండు. మామిడి సీజన్ కాదు. ఆయనకు మొత్తం సమజైంది. అయినా మొఖం మీద ఒక్క గీత కదలకుండ, ఔను డ్రిల్లే, మేమే పెట్టినం అన్నడు ఆఫీసర్‌తోని.

అక్కడితోని అయిపోతే ఎంత బాగుండు. ఆఫీసర్ తన పనిల గట్టోడు. డిటెక్టర్‌ను ఏ పొగతోని టెస్ట్ చేసిండ్రు, ఆ సామాను చూపియ్యండ్రి అన్నడు. టెస్ట్ చేసే పొగ స్ప్రే డబ్బా ఒకటి ఉంటది. ఏడాది సంది కొనియ్యమని అడుగుతున్న, ముదీర్ ఇనడు. ఇప్పుడు ముదీర్ నా దిక్కు చూస్తున్నడు, ఆఫీసర్ నా దిక్కు చూస్తున్నడు, నూటయాభై మంది ఎండల నిలవడి నా దిక్కే చూస్తున్నరు. ఇగ నేనేం జెయ్యాలె. కుడిచేతి పిడికిలి తెరిచిన. ఆ పాడ్ ఇంక నా చేతులనే ఉన్నది.

ఆఫీసర్ తీసుకొని అటు ఇటు తిప్పి చూసిండు. ముక్కు దగ్గర పెట్టుకున్నడు.

"మాంగో?" అన్నడు.

"మాంగో, సార్," అన్న.

ఆయన మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు ఊగుతనే ఉన్నయి. నవ్వు అయినంక కాగితం మీద రాసిండు. క్యాంపు పాస్. కింద ఒక్క షరతు: డెబ్బై డిటెక్టర్లను పదిహేను రోజులల్ల ఒక్కొక్కటి పొగతోని టెస్ట్ చేసి, సంతకాలతోని పంపాలె.

ఆయన పోయినంక ముదీర్ నన్ను ఆఫీసుకు పిలిచిండు. టేబుల్ మీద ఒక దిక్కు నా ఛుట్టీ కాగితం, ఒక దిక్కు నా పాడ్.

"గంగా, తుమ్ పాగల్ హై?" అన్నడు, పిచ్చోనివా అని.

"నై ముదీర్. సిగరెట్ ఛోడ్నే కే లియే లియా," అన్న, సిగరెట్ ఇడ్సెతందుకే కొన్న అని.

ఆయన కుర్చీ ముంగటికి జరుపుకున్నడు. పెన్ను తీసిండు. ఛుట్టీ కాగితం మీద సంతకం పెట్టిండు. నా పాణం లేచచ్చింది. దండం పెట్టి కాగితం మీద చెయ్యి ఏసిన, ఆయన ఇడ్వలే. పాడ్‌ను గూడ నా దిక్కు జరిపిండు.

"స్ప్రే దో మహీనే బాద్ ఆయేగా. తేరే పాస్ మషీన్ హై నా. సత్తర్ రూమ్ ఖతం కరో, ఫిర్ జావ్."

అర్థమైందా? స్ప్రే రెండు నెలలకు అస్తదట, నా దగ్గరున్న మిషన్‌తోనే డెబ్బై రూములు ఖతం చేసి అప్పుడు పోవాల్నట. ఇప్పుడు రోజు పొద్దుగాల నిచ్చెన భుజాన ఏసుకుంటున్న. రూముకొక్కటి, నిచ్చెనెక్కుడు, గుంజుడు, డిటెక్టర్ మొఖాన ఊదుడు, ఎర్ర లైటు ఎలుగంగనే కార్డు మీద సంతకం పెట్టుడు. రిజిస్టర్ల నా పాడ్‌ను గూడ ఎక్కిచ్చిండ్రు, టెస్టింగ్ సామాను అని. ఎన్నడు సిగరెట్‌కు దగ్గనోన్ని, ఇప్పుడు దగ్గుతున్న. గ్లోవులు పీకినందుకు తిట్టినోళ్లంత తలుపు కాడ నిలవడి, గంగన్నా మా రూముకు జర గట్టిగ ఊదు అని పరాచికాలాడుతున్నరు. లింగమైతే నిచ్చెన పట్టుకుంటున్నడు, వానికి సెలవు దొరికినట్టున్నది.

నిన్న మా ఇంటామె ఫోన్ చేసింది. సిగరెట్ ఇడ్సినవా అని అడిగింది. ఇడ్సిన, డ్యూటీ టైముల తప్ప ముడుతనే లేను అన్న. ఫోన్ పెట్టేసింది. మళ్ల చేస్తే శ్రీజ ఎత్తింది, నీ కోసమే అస్తున్న బిడ్డా అన్న. ఎప్పుడు అని అడిగింది. ఇంక ముప్పై రూములున్నయి అని చెప్పిన.

ఈ పొద్దు దమ్ము పట్టక రెండు రూములు ఇడిచిపెట్టిన. సాయంత్రం ముదీర్ పిలిచి చేతుల కాగితం పెట్టిండు. డ్యూటీ మీద సిగరెట్ తాగినందుకు మెమో తీసుకున్నోళ్లు ఈ దేశంల ఎంతమందో ఉంటరు. పొగ తాగనందుకు మెమో తీసుకున్నోన్ని మాత్రం నేనొక్కన్నే.