పుంగనూరు గడ్డల కొలత

కుప్పంలో పరిశోధన చేసే రోజుల్లో మా గైడ్ నాకు అడవి ఎర్రగడ్డల మీద, అంటే అడవి ఉల్లి మీద, పని ఇచ్చారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం గుట్టల మీద మొలిచే గడ్డలు తెచ్చి, లేత వేళ్ల కొనలు కోసి, నాలుగు గంటలు మందునీళ్లలో ఉంచాలి. అందులో క్రోమోజోములు పొట్టిగా ముడుచుకుని, విడివిడిగా కనబడతాయి. తర్వాత రంగు పట్టించి, గాజుపలక మీద అదిమి, ఫోటో తీసి, ఒక్కొక్కదాన్నీ కొలవాలి. ఊరు మారితే వాటి పొడవు, ఆకారం మారతాయా అన్నది మా ప్రశ్న.

పుంగనూరు గడ్డలు చూపించింది గొర్రెలు మేపుకునే ఒక పెద్దామె. జీవాలు వాటిని ముట్టవని చెప్పి, తన చేతి కట్టెతోనే ఐదారు తవ్వి ఇచ్చింది.

ఆ వేళ్లు మందులో వేసిన రోజే, అమ్మ కళ్లు తిరిగి పడిందని మదనపల్లె నుంచి ఫోనొచ్చింది. బస్సు తప్పుతుందని గంటకే బయటికి తీసేశాను. నోటుబుక్కులో మాత్రం అలవాటు చొప్పున నాలుగు గంటలని రాశాను. అమ్మ రెండు రోజుల్లో కోలుకుంది. నేను రాసింది మర్చిపోయాను.

కొలిస్తే పుంగనూరువే అన్నింటికన్నా పొడుగు. గైడ్ పొంగిపోయి సెమినార్లో నా చేతే చెప్పించారు. థీసిస్ రాస్తూ, మందులో తక్కువసేపు ఉంటే క్రోమోజోములు పొడుగ్గానే మిగిలిపోతాయని రాసిన చోట, పుంగనూరు వేళ్లు గంటకే తీసేసిన సంగతి గుర్తొచ్చింది.

ఎవరికీ చెప్పకుండా మళ్లీ కొలుద్దామని చూస్తే, కుండీల్లో నాటి ఉంచిన పుంగనూరు గడ్డలు వానలకు కుళ్లిపోయి ఉన్నాయి. పుంగనూరు పోయాను. గుట్ట సగం లేదు. పెద్దామె రోడ్డు పక్కన మందను తోలుకొస్తూ కనబడింది.

"ఇంక యాడుండాయమ్మా ఆ గడ్డలు? మిషన్లొచ్చి మన్నంతా ఎత్తుకపోయినారు," అంది.

పక్క గుట్టలు రెండు ఎక్కినా దొరకలేదు. మర్నాడు గైడ్ గదికి పోయి జరిగింది చెప్పాను.

"ఇంకెవరికైనా తెలుసునా?"

"లేదు సార్."

"మరి నాకు యాల చెప్పినావమ్మా?"

ఆయన నా ముందరే ఆ అధ్యాయం కొట్టేశారు. డిగ్రీ ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆయన మాటలో మునుపటి చనువు మళ్లీ రాలేదు. పుంగనూరు గడ్డలవి నిజంగానే పొడుగో, నా తొందర వల్ల పొడుగయ్యాయో, ఈ రోజుకీ నాకు తెలియదు.