గొడ్డలి తిప్పి కొట్టే మామ

పక్కింటి మామ పోయిండని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జగదల్‌పూర్‌లో చివరి పరీక్ష రాసి బయటికొస్తున్నా. మా ఊరికి పోయే తోంగ్‌పాల్ బస్సెక్కేలోపే ఫోన్లో ఫారెస్టు సాబ్ పెట్టిన మెసేజ్: "అడవి బిడ్డ ఇక లేడు." ఏడుపుకంటే ముందు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు రోజుకూలీ మీద చౌకీదారీ చేయించుకున్నవాళ్లకు ఆయన ఇప్పుడు బిడ్డయ్యాడు.

మామ ఎండు చెట్టు కొట్టే పద్ధతి మీకు చెప్పాలి. ముందు గొడ్డలి తిప్పి, వెనకవైపుతో మాను మీద రెండు దెబ్బలు. తర్వాత బీడీ ముట్టించి, అది అయ్యేదాకా కూర్చునేవాడు. తొర్రలోంచి ఉడుమో, గుడ్లగూబో, కొండమైనానో తల బయటపెడితే ఇక ఆ చెట్టు జోలికి పోడు.

"ఏంది మామా, ఇయ్యాల కూడ ఉత్తచేతులేనా?"

"లోపల మనుషులుండంగ ఇల్లు పీకుతరా పిల్లా?"

ఆయన కాపలా కాసే ఫారెస్టు రెస్ట్‌హౌస్‌లో ఈ ఎండాకాలం బర్డ్ పార్క్ కట్టారు. కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు ఫోన్లో చూసి సిమెంటు బొమ్మలు పోయించాడు: ఆస్ట్రేలియా పిట్టలు కాకతువా, కూకబుర్రా, మెడచుట్టూ తోలు విప్పుకున్న బల్లి. మామ దాని చుట్టూ తిరిగాడు.

"సాబ్, ఈ తొండకు గొడుగెందుకు?"

అందరూ నవ్వారు. "మన కొండమైనా ఏది?" అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. మా రాష్ట్ర పక్షి అని బడిపిల్లల చేత బట్టీ పట్టించే పిట్ట అది.

అక్కడే ఎండు సాల్ చెట్టు తొర్రలో కొండమైనాల జంట పిల్లల్ని పెట్టింది. బొమ్మలకు అడ్డమని ఆ చెట్టు కొట్టమన్నారు. మామ రెండు దెబ్బలేసి, పిట్ట బయటికి రాగానే గొడ్డలి భుజానేసుకుని వచ్చేశాడు. ఆయన కాదన్న చెట్టును మా ఊళ్లో ఇంకెవరూ ముట్టరు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. "పిల్లలు ఎగిరేదాక ఆగమని హిందీల ఓ కాయితం రాసియ్యి బిడ్డా." పరీక్షలయ్యాక రాస్తానన్నాను. పది రోజులకు జ్వరంతో పోయాడు.

మూడోనాడు సాబ్ వచ్చి ఫొటోకి దండేసి, పార్కుకు మామ పేరే పెడతామన్నాడు. ఆ పూటే బయటూరి మనుషులు చెట్లు కోసే రంపం మిషన్‌తో రెస్ట్‌హౌస్‌లో దిగారు. పరుగెత్తాను.

"ఇంకో పదిరోజులు ఆగండి సర్. లోపల పిల్లలున్నాయి."

"ఎండు చెట్టు మేడమ్. ఎవరి మీదైనా పడితే?"

సాబ్ మర్యాదగానే అన్నాడు. అంతలోనే చెట్టు నేలమీదుంది.

కాసేపటికి రెండు మైనాలూ ముక్కున మేడిపండ్లతో వచ్చాయి. తొర్ర ఉండే ఎత్తులో, ఖాళీ గాలిలో రెక్కలు కొట్టుకుంటూ నిలబడ్డాయి. కరెంటు తీగ మీద వాలాయి. పండు మింగలేదు, వదల్లేదు. మళ్లీ అదే ఎత్తుకు ఎగిరాయి.