టోర్‌హిల్డ్ ఆర్పిన దీపం

సముద్రంలో మునిగి చేపల సినిమాలు తీసే టోర్‌హిల్డ్ చలికి తాళలేక పైకి వచ్చేసిందని ఉత్తర నార్వేలోని మా రేవులో కొందరన్నారు. వయసు మీదపడి చేతులు వణికాయని మరికొందరన్నారు. రెండూ నిజం కావు. చేతితొడుగుల్లో వేడినీళ్లు పోసుకుని మునగడం, పైకి వచ్చాక పడవ అంచున కూలబడటం ఆమెకు ఏళ్ల నాటి అలవాటు. ఆ వసంతమంతా ఆమె ఒకే మగచేపను చిత్రీకరించింది. వెలుగు చొరని రాతిచరియ కింద, పొట్టతో బండకు అతుక్కుని, తిండి మానేసి, రెక్కలతో నీరు విసురుతూ అది గుడ్లను కాచేది. గుడ్లు పగిలే దృశ్యం ఒక్కటే మిగిలింది. అది లేనిదే సినిమా లేదు. చివరికి అవి పగిలాయి. కానీ ఆమె దీపం వెలుగు వెంటే కాడ్ అనే పెద్ద వేటచేపలు వచ్చి, అందులో కనబడిన పిల్లలను మింగసాగాయి. ఆమె దీపం ఆర్పి పైకి వచ్చింది.

"దొరికిందా?" అన్నాడు పడవ నడిపే ఓడ్వార్.

"లేదు. దీపం ఆర్పేశాను. కాడ్‌లకి నేనే వడ్డిస్తున్నట్టయింది."

"ఈ మాట రేవులో ఎవడు నమ్ముతాడు? చలికి వేళ్లు బిగుసుకుపోయాయని చెబుతాలే. పరువైనా దక్కుతుంది."

"నీ ఇష్టం. ముందా కాఫీ ఇటివ్వు."

ఆ పిల్లల్లో ఎన్ని బతికాయో చెప్పడానికి ఆధారం లేదు. తన సినిమా పోతుందని తెలిసే ఆమె దీపం ఆర్పింది. జరిగింది అంతే.